పేటెంటా, గుట్టా, ప్రచురణా? మీ ఆవిష్కరణకు ఏ దారి నప్పుతుంది

కొత్త పరికరమో, కొత్త పద్ధతో కనిపెట్టినవాళ్లు ముందుగా అడిగేది "దీనికి పేటెంట్ వస్తుందా?" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదటిది ఇది: మీరు అమ్మిన వస్తువును పోటీవాడు కొని, విప్పి, కొలిచి, కాల్చి చూస్తే మీ కిటుకు వాడికి తెలిసిపోతుందా? దాని వెంటే ఇంకొకటి: వాడు మీది కాపీ కొట్టి తన ఫ్యాక్టరీలో వాడుకుంటుంటే ఆ సంగతి మీకు తెలిసే వీలుందా? ఈ రెండింటికీ మొహమాటం లేకుండా జవాబు రాసుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే.

దారులు మొత్తం నాలుగు. పేటెంట్ తీసుకోవడం, గుట్టుగా ఉంచుకోవడం, పేపర్ ప్రచురించి అందరి సొత్తు చేసేయడం, పేటెంట్ తీసుకొని కూడా దాన్ని ఇతరులకు లైసెన్స్ ఇవ్వడం లేదా ఉచితంగా తెరిచిపెట్టడం. వీటిని ఊహల మీద కాకుండా నిజంగా జరిగినవాటి మీద పోల్చడం మంచిది. అందుకే విమాన నియంత్రణ, కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్, కాంతి సాంకేతికత అనే మూడు రంగాలు తీసుకున్నాను. ఈ మూడింటిలోనూ నాలుగు దారులూ ఎవరో ఒకరు తొక్కారు, ఫలితాలు తేలిపోయి చాలా ఏళ్లయింది.

పేటెంట్: రైట్ సోదరులు ఏం గెలిచారు, ఏం పోగొట్టుకున్నారు

రైట్ సోదరులకు విమానం మీద పేటెంట్ ఉందని చాలామంది అనుకుంటారు. వాళ్లకు దొరికింది అది కాదు. అమెరికా పేటెంట్ నంబరు 821,393లోని బొమ్మల్లో ఇంజనే లేదు, ఉన్నది గ్లైడర్. వాళ్లు కోరింది ఒక్కటే: గాలిలో ఉన్న యంత్రం ఒక పక్కకు ఒరిగితే దాన్ని తిరిగి సరిచేసే పద్ధతి. కుడి రెక్క అంచు ఒక కోణంలో, ఎడమ రెక్క అంచు ఇంకో కోణంలో ఉండేలా మెలితిప్పడం, దానికి తోడుగా చుక్కానిని తిప్పడం. ఎగరడం కంటే అదుపు తప్పకుండా ఎగరడమే కష్టమని వాళ్లకు అందరికంటే ముందు అర్థమైంది.

దరఖాస్తు వేసింది 1903 మార్చి 23న, అంటే డిసెంబరులో కిట్టీ హాక్ దగ్గర ఇంజన్‌తో ఎగరడానికి తొమ్మిది నెలల ముందే. ఆ మొదటి దరఖాస్తు వాళ్లే సొంతంగా రాసుకున్నారు, ఆఫీసు తిప్పికొట్టింది. తర్వాత ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉండే హ్యారీ టౌల్మిన్ అనే పేటెంట్ న్యాయవాదిని పెట్టుకున్నారు. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు ఇదే. టౌల్మిన్ క్లెయిములను, అంటే హక్కు దేని మీదో చెప్పే వాక్యాలను, "రెక్కను తాళ్లతో మెలితిప్పడం" దగ్గర ఆపలేదు. రెండు పక్కలా అంచుల కోణాన్ని వేర్వేరుగా మార్చడం అనే పనినే పట్టుకొని, దాన్ని ఏ రకంగా చేసినా వర్తించేలా రాశాడు. 1906 మే 22న పేటెంట్ వచ్చింది.

గ్లెన్ కర్టిస్ రెక్కలను మెలితిప్పలేదు. రెక్కల మధ్య విడిగా చిన్న పలకలు, అంటే ఎయిలరాన్లు, పెట్టాడు. చూడ్డానికి వేరే పరికరం. అయినా కోర్టుల్లో రైట్ల వైపే తీర్పు వచ్చింది, 1914 జనవరిలో అప్పీలు కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. క్లెయిము ఇరుకుగా రాసి ఉంటే కర్టిస్ మొదటి రోజే బయటపడేవాడు. కాబట్టి పేటెంట్ తీసుకోవాలా అని ఆలోచించేటప్పుడు ఎవరితో రాయిస్తారు అన్నది కూడా ఆ ఆలోచనలో భాగమే. ఫీజు మిగుల్చుకుందామని సొంతంగా రాసుకున్న క్లెయిము చాలాసార్లు అతికించుకోవడానికి పనికొచ్చే సర్టిఫికెట్‌గా మిగులుతుంది.

ఇక ఖరీదు. కేసులు 1909లో మొదలయ్యాయి. విల్బర్ 1912లో టైఫాయిడ్‌తో పోయాడు. ఆ చివరి ఏళ్లలో అతని కాలం ఎక్కువగా వాంగ్మూలాలకూ లాయర్లకూ పోయింది, కొత్త విమానాలకు కాదు. 1915లో ఆర్విల్ కంపెనీని అమ్మేశాడు. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగేసరికి తయారీదారులందరి పేటెంట్లనూ ఒకే కుప్పగా పోసి, విమానానికి ఇంత అని కట్టే ఏర్పాటు ప్రభుత్వం ఒత్తిడితో జరిగింది. అమెరికా విమాన పరిశ్రమ వెనకబడటానికి ఈ కేసులే కారణమా అన్న దాని మీద చరిత్రకారులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు. రైట్ సోదరులు డిజైనులో వెనకబడ్డారన్న దాంట్లో మాత్రం పెద్దగా వివాదం లేదు.

ఇంకో రెండు సంగతులు. జర్మనీలో వాళ్ల పేటెంట్ 1912లో దెబ్బతింది. కారణం, దరఖాస్తు కంటే ముందే ఈ కిటుకును ప్రసంగాల్లో బయటపెట్టేశారని. ఒక ప్రసంగం విల్బర్‌ది, ఇంకొకటి వాళ్ల స్నేహితుడు ఆక్టేవ్ షనూట్ పారిస్‌లో ఇచ్చింది. స్నేహితుడు మెచ్చుకుంటూ చెప్పిన మాట కూడా పేటెంట్‌కు ఎసరు పెట్టగలదు. రెండోది, ఇంగ్లండులో మాథ్యూ బౌల్టన్ అనే ఆయన 1868లోనే ఎయిలరాన్ లాంటి పలకలకు పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికి ఎగిరే యంత్రమే లేదు. పేటెంట్ గడువు తీరిపోయింది, జనం మర్చిపోయారు. మార్కెట్ పుట్టకముందే తీసుకున్న పేటెంట్ గతి అది. ఈ మాట ఫ్యూయల్ సెల్ దగ్గర మళ్లీ వస్తుంది.

నియంత్రణ తీగల్లోంచి కంప్యూటర్‌లోకి వెళ్లాక

రైట్ల కాలంలో నియంత్రణ అంటే కంటికి కనిపించే తాళ్లూ పలకలూ. ఎవడు కాపీ కొట్టినా మైదానంలో నిలబడి చూస్తే తెలిసేది. ఇవాళ్టి యుద్ధ విమానంలో పైలట్ కర్ర కదిపితే ముందు ఆ సంకేతం కంప్యూటర్‌కు వెళ్తుంది, రెక్క పలక ఎంత కదలాలో అది నిర్ణయిస్తుంది. ఆ లెక్కలనే కంట్రోల్ లాస్, అంటే నియంత్రణ సూత్రాలు, అంటారు. తేజస్ లాంటి విమానాన్ని కావాలనే అస్థిరంగా డిజైన్ చేశారు, ఈ లెక్కలు లేకపోతే అది క్షణం కూడా నిలవదు.

1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టింది. అక్కడ లాక్‌హీడ్ మార్టిన్‌తో కలిసి పనిచేస్తున్న మన ఇంజనీర్లను పంపేశారు. మిగిలిన పని బెంగళూరులో నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ నాయకత్వంలోని బృందం పూర్తిచేసింది. 2001 జనవరి 4న విమానం ఎగిరింది. ఇందులో మన పోలికకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, అప్పుడు ఆగిపోయింది పేటెంట్ లైసెన్స్ కాదు. మనుషుల బుర్రల్లో, పరీక్షా పరికరాల్లో ఉన్న పనితనం. అది ఏ పేటెంట్ పత్రంలోనూ దొరకదు.

ఇప్పుడు డ్రోన్లకు ఫ్లైట్ కంట్రోలర్లు రాస్తున్న కుర్రాళ్లు హైదరాబాద్‌లోనూ చాలామందే ఉన్నారు. వాళ్లకు రెండు చిక్కులు. భారత పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(కె) ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కో అల్గారిథమ్‌కో పేటెంట్ రాదు. సెన్సర్, మోటార్, గాలిలో కనిపించే ఫలితం, ఇవన్నీ కలిపి ఒక వ్యవస్థగా చూపించగలిగితేనే ఆశ. ఒకవేళ వచ్చినా, ఎదుటివాడి చిప్‌లో మీ లెక్క నడుస్తోందని ఎలా రుజువు చేస్తారు? అందుకే నా సలహా: రెక్క, కీలు, సెన్సర్ అమరిక లాంటి పైకి కనిపించేవాటికి పేటెంట్, లోపల నడిచే అంకెలకూ ట్యూనింగ్‌కూ గుట్టు. ఒకే ఉత్పత్తిలో రెండు దారులూ కలపడంలో తప్పేమీ లేదు, పెద్ద కంపెనీలు చేసేదీ అదే.

గుట్టు: ఫ్రాన్‌హోఫర్ గాజు

గుట్టుగా ఉంచడం అంటే చేతగానివాళ్ల పని అన్నట్టు కొందరు మాట్లాడతారు. యోసెఫ్ ఫ్రాన్‌హోఫర్ సంగతి చూడండి. సుమారు రెండు వందల ఏళ్ల కిందట బవేరియాలోని బెనెడిక్ట్‌బోయర్న్ అనే ఊళ్లో, పాత క్రైస్తవ మఠంలో పెట్టిన గాజు కొలిమిలో ఆయన తయారుచేసిన లెన్సు గాజు యూరప్‌లో ఎక్కడా దొరికేది కాదు. బుడగలు, చారలు లేకుండా పెద్ద ముక్క పోయడం అందులోని కిటుకు. గాజు చేతిలోకి వస్తుంది, ఎంతైనా పరీక్షించుకోవచ్చు. కానీ ఎంత వేడి, ఎంతసేపు కలియబెట్టాలి, ఎలా చల్లార్చాలి అన్నది ఆ ముక్క చెప్పదు. ఇంగ్లండు వాళ్లు రాయల్ సొసైటీ తరఫున మైకేల్ ఫారడే అంతటివాణ్ణి 1820ల్లో కొన్నేళ్లపాటు ఈ గాజు మీద కూర్చోబెట్టినా బవేరియాను దాటలేకపోయారు.

ఇందులో నాకు బాగా నచ్చేది ఆయన గీసుకున్న గీత. అదే ఫ్రాన్‌హోఫర్ సూర్యకాంతి వర్ణపటంలో వందల నల్ల గీతలను 1814లో గుర్తించి, కొలిచి, అందరికీ ప్రచురించేశాడు. ఆ గీతలు గాజు నాణ్యతను కొలవడానికి పనికొచ్చే ప్రమాణాలు. వాటిని లోకమంతా వాడితే ఆయన గాజు ఎంత మేలైనదో లోకానికే తెలుస్తుంది. కొలబద్ద అందరికీ ఇచ్చాడు, కొలిమి తలుపు మూశాడు. 1826లో ముప్పై తొమ్మిదేళ్లకే పోయాడు.

గుట్టు ఎక్కడ నప్పుతుందో దీన్నిబట్టే చెప్పవచ్చు: వస్తువును విప్పినా పద్ధతి తెలియని చోట. ఫ్యూయల్ సెల్ ఎలక్ట్రోడ్ మీద ప్లాటినం సిరాను పూసే తీరు, పొరను నొక్కే వేడి, లెన్సు మీద పూత వేసే క్రమం, ఇవన్నీ ఆ కోవవే. ఇలాంటివాటికి పేటెంట్ తీసుకుంటే మీ వంటకాన్ని అక్షరం పొల్లుపోకుండా ప్రపంచానికి చెప్పినట్టవుతుంది, కాపీ కొట్టినవాణ్ణి పట్టుకోవడానికి వాడి ఫ్యాక్టరీ లోపలికి వెళ్లాలి.

గుట్టుకు ఉన్న లోపాలూ చిన్నవి కావు. మన దేశంలో వ్యాపార రహస్యాలకు ప్రత్యేక చట్టం లేదు. 2024 మార్చిలో లా కమిషన్ తన 289వ నివేదికలో ఒక ముసాయిదా సూచించింది. చట్టం వచ్చేదాకా ఆధారం ఉద్యోగులతో, సరఫరాదారులతో రాసుకున్న ఒప్పందాలూ కోర్టులు పాటిస్తూ వచ్చిన న్యాయ సూత్రాలూనే. మీ దగ్గర పనిచేసిన సీనియర్ టెక్నీషియన్ పక్క కంపెనీకి వెళ్తే ఆపడం కష్టం, టెన్షన్ మాత్రం మిగులుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం, వేరేవాడు సొంతంగా అదే కనిపెట్టి పేటెంట్ తీసుకోవడం. అప్పుడు మేమే ముందు అని నిరూపించడానికి తేదీలతో సహా ప్రయోగాల రికార్డు చేతిలో ఉండాలి, ఉన్నా కేసు తేలిగ్గా తేలదు.

ప్రచురణ: కావో, కార్నింగ్

ఆప్టికల్ ఫైబర్ కథలో ప్రచురించినవాళ్లూ పేటెంట్ తీసుకున్నవాళ్లూ పక్కపక్కనే కనిపిస్తారు. 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాక్‌హమ్ ఇంగ్లండులోని స్టాండర్డ్ టెలికమ్యూనికేషన్ లేబొరేటరీస్‌లో ఉంటూ ఒక పేపర్ రాశారు. గాజు పోగులో కాంతి నష్టం కిలోమీటరుకు 20 డెసిబెల్స్ కంటే తక్కువకు తేగలిగితే దాని మీద టెలిఫోన్ సంభాషణలు పంపవచ్చన్నది దాని సారం. అప్పట్లో మంచి గాజులో కూడా నష్టం వెయ్యి డెసిబెల్స్ దాకా ఉండేది. తప్పు గాజుది కాదు, దానిలోని మలినాలది అని వాళ్లు చెప్పారు.

అమెరికాలో కార్నింగ్ కంపెనీకి చెందిన రాబర్ట్ మారర్, డొనాల్డ్ కెక్, పీటర్ షుల్ట్జ్ దాన్ని చేతల్లో చూపించారు. స్వచ్ఛమైన సిలికాకు నడిమి భాగంలో కొద్దిగా టైటానియం కలిపి 1970లో 17 డెసిబెల్స్‌కు తెచ్చారు, ఆ పదార్థం కూర్పుకూ తయారీ పద్ధతికీ పేటెంట్లు తీసుకున్నారు. ఆ తర్వాత చాలా ఏళ్లు మార్కెట్ కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. అయినా పేటెంట్లు నిలబడ్డాయి. 1976లో ఐటీటీ అనే టెలికాం కంపెనీ మీద దావా వేస్తే 1981లో రాజీ కుదిరింది. 1987లో జపాన్‌కు చెందిన సుమిటోమో మీద కోర్టులో గెలిచారు. కావో పనిచేసిన ఆ ఇంగ్లండు లాబ్ ఎవరిదో తెలుసా? ఐటీటీదే. ఆలోచన తన లాబ్‌లో పుట్టినా వస్తువు కోసం కార్నింగ్‌తో రాజీ పడాల్సి వచ్చింది.

అలాగని కావో పొరపాటు చేశాడని అనను. ఆయన చెప్పింది "ఇది సాధ్యం" అని, ఫలానా కూర్పు అని కాదు. ప్రకృతి గురించిన అవగాహనకు ఏ దేశంలోనూ పేటెంట్ రాదు. 2009లో ఆయనకు నోబెల్ వచ్చింది. సి.వి. రామన్ 1928లో ప్రకటించిన కాంతి పరిక్షేపణ కూడా అలాంటిదే. దాని మీద ఆధారపడిన పరికరాలు ఇవాళ మందుల పరిశ్రమ నిండా ఉన్నాయి.

ప్రచురణకు ఒక చురుకైన ఉపయోగం కూడా ఉంది. మీకు పేటెంట్ అక్కర్లేదు, కానీ ఇంకెవరూ తీసుకోకూడదు అనుకుంటే ముందే పూర్తి వివరాలతో ప్రచురించేయండి. ఆ రోజు నుంచి అది కొత్తది కాదు కాబట్టి ఎవరికీ పేటెంట్ రాదు. తక్కువ ఖర్చుతో అయ్యే రక్షణ ఇది. ఒక్కటే షరతు: వివరాలు నిజంగా పూర్తిగా ఉండాలి. సగం దాచిపెట్టిన పేపర్‌తో ఆ సగం మీద వేరేవాడు పేటెంట్ తెచ్చుకుంటాడు.

తేదీల ఆట: లేజర్

కొలంబియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్న గోర్డన్ గూల్డ్ 1957 నవంబరులో తన నోటుపుస్తకంలో లేజర్ ఊహను రాసుకుని, దాని మీద నోటరీ ముద్ర వేయించుకున్నాడు. పనిచేసే నమూనా లేకుండా పేటెంట్ రాదని పొరబడి ఆలస్యం చేశాడు. 1959 ఏప్రిల్లో దరఖాస్తు వేసేసరికి, చార్లెస్ టౌన్స్, ఆర్థర్ షాలో అనే శాస్త్రవేత్తలు 1958 జులైలోనే బెల్ లాబ్స్ తరఫున వేసేశారు. వాళ్లకు 1960 మార్చిలో పేటెంట్ వచ్చింది. గూల్డ్ దాదాపు ముప్పై ఏళ్లు కొట్లాడాడు. 1977లో ఒకటి, 1987లో ఇంకొకటి ముఖ్యమైన పేటెంట్లు దక్కాయి. అప్పటి అమెరికా చట్టంలో గడువు పేటెంట్ ఇచ్చిన రోజు నుంచి 17 ఏళ్లు. అప్పటికే లేజర్లు ఫ్యాక్టరీల్లో, ఆస్పత్రుల్లో నిండిపోయాయి కాబట్టి ఆలస్యమే ఆయనకు కలిసొచ్చింది, కోట్ల డాలర్లు వచ్చాయి. కేసుల ఖర్చు కోసం రాబడిలో పెద్ద వాటా ముందే రాసిచ్చేశాడు లెండి.

ఈ కథ విని ఎవరూ మురిసిపోకండి. ఇప్పుడు అమెరికాలోనూ, మన దగ్గరా గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. ఈ లెక్కన గూల్డ్ పేటెంట్ 1979కే ముగిసేది, చేతికొచ్చాక రెండేళ్లు మిగిలేవి. నోటుపుస్తకం మీద నోటరీ ముద్ర, తనకు తానే రిజిస్టర్డ్ పోస్టులో కవరు పంపుకోవడం లాంటివి మన దేశంలో ముందున్న హక్కు ఇవ్వవు. ముందు దరఖాస్తు వేసినవాడిదే పైచేయి.

లైసెన్స్, తెరిచిన తలుపు: ఫ్యూయల్ సెల్

హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి కరెంటు, నీరు తీసే ఫ్యూయల్ సెల్‌ను విలియమ్ గ్రోవ్ 1839 ప్రాంతంలోనే చూపించాడు. కారు రోడ్డెక్కడానికి ఒకటిన్నర శతాబ్దం దాటింది. ఇలా మార్కెట్ ఆలస్యంగా వచ్చే రంగంలో పేటెంట్ గడువు మీకు శత్రువు. జనరల్ ఎలక్ట్రిక్‌లో థామస్ గ్రబ్ పలుచని ప్లాస్టిక్ పొరతో పనిచేసే సెల్‌కు 1959లో పేటెంట్ తీసుకున్నాడు. అదే రకం సెల్ జెమిని అంతరిక్ష నౌకల్లో వాడారు. 17 ఏళ్ల లెక్కన 1976కి గడువు చెల్లింది. కెనడాకు చెందిన బల్లార్డ్ కంపెనీ ఈ రకం మీద పని మొదలుపెట్టింది 1980ల్లో, అప్పటికి ఆ మూల పేటెంట్ అందరి సొత్తు.

ఫ్రాన్సిస్ బేకన్ దారి వేరు. ఆయన క్షార ద్రావణంతో నడిచే సెల్‌ను ఇంగ్లండులో ఏళ్ల తరబడి మెరుగుపరిచాడు, కానీ తయారుచేసి అమ్మే స్తోమత లేదు. 1960ల మొదట్లో అమెరికాకు చెందిన ప్రాట్ అండ్ విట్నీ ఆ పేటెంట్లకు లైసెన్స్ తీసుకుంది, అపోలో నౌకల్లో కరెంటూ తాగునీరూ వాటి నుంచే వచ్చాయి. ఫ్యాక్టరీ పెట్టలేని పరిశోధకుడికి ఇదే సహజమైన దారి. మన దగ్గర ఈ పని చేసిపెట్టేది 1953 నుంచి ఉన్న ప్రభుత్వ సంస్థ నేషనల్ రీసెర్చ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్. విశాఖపట్నంలోనూ దాని సహాయ కేంద్రం ఉంది. ఎదురు దిశలో కూడా ఆలోచించండి. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐకి చెన్నైలో ఫ్యూయల్ సెల్ కేంద్రం ఉంది. ఇలాంటి ప్రభుత్వ ప్రయోగశాల ఇప్పటికే చేసిపెట్టినదాన్ని లైసెన్స్‌కు తీసుకుంటే, చక్రాన్ని మళ్లీ కనిపెట్టే ఖర్చు తప్పొచ్చు.

టొయోటా 2015 జనవరిలో ఫ్యూయల్ సెల్‌కు సంబంధించిన 5,680 పేటెంట్లను రాయల్టీ లేకుండా వాడుకోనిస్తామంది. వీటిలో సుమారు 3,350 వ్యవస్థను నడిపే సాఫ్ట్‌వేర్ నియంత్రణవి, 1,970 సెల్ స్టాక్‌లవి. కార్లవాటికి 2020 చివరిదాకా గడువు పెట్టింది, హైడ్రోజన్ స్టేషన్లవాటికి గడువే పెట్టలేదు. ఇందులో దానగుణం వెతకనక్కర్లేదు. హైడ్రోజన్ బంకులు లేకపోతే దాని ఫ్యూయల్ సెల్ కారు మిరాయ్‌ను ఎవరు కొంటారు? బంకు కట్టేది తను కాదు కాబట్టి ఆ తలుపు శాశ్వతంగా తీసింది. 2019లో హైబ్రిడ్లతో కలిపి 23,740 పేటెంట్లను 2030 దాకా ఇలాగే తెరిచింది. వదిలేయడం మాత్రం కాదు. వాడుకునేవాళ్లు అడిగి, ఒప్పందం రాసుకోవాలి. మీరు కనిపెట్టిన భాగం ఒంటరిగా అమ్ముడుపోనిదై, చుట్టూ వేరేవాళ్లు ఏదో ఒకటి కడితేగానీ విలువ రానిదైతే ఈ దారి గురించి ఆలోచించవచ్చు. ఒక్క పేటెంట్ ఉన్న చిన్న స్టార్టప్‌కు మాత్రం నేను చెప్పను.

మన దగ్గర ఖర్చు, గడువులు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి, ఆన్‌లైన్‌లోనే వేసుకోవచ్చు. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు, విద్యాసంస్థలకు దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు (30 పేజీలు, 10 క్లెయిముల దాకా), పరీక్ష ఫీజు 4,000. మూడో ఏడు నుంచి ఇరవయ్యో ఏడు దాకా ఏటా కట్టే రెన్యూవల్ మొదట 800తో మొదలై చివరి అయిదేళ్లు 8,000కు చేరుతుంది. రెన్యూవల్ మొత్తం కలిపితే 72,800. పెద్ద కంపెనీలకు ఇవన్నీ చాలా ఎక్కువ. కట్టేముందు ఆఫీసు ఫీజుల పట్టిక ఒకసారి చూసుకోండి. అసలు ఖర్చు ప్రభుత్వ ఫీజు కాదు, పేటెంట్ ఏజెంట్‌దీ, విదేశాల్లో వేయడానిదీ. గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు ఏజెంట్ ఫీజును ప్రభుత్వమే భరించే పథకం ఒకటుంది, అడిగి తెలుసుకోండి.

ప్రపంచమంతటికీ ఒకే పేటెంట్ అనేది లేదు. ఇక్కడ వేసిన తేదీ నుంచి 12 నెలల్లోగా అంతర్జాతీయ దరఖాస్తు వేస్తే, ఏయే దేశాల్లో కావాలో తేల్చుకోవడానికి మొదటి తేదీ నుంచి 30, 31 నెలల దాకా సమయం దొరుకుతుంది. భారత్‌లో ఉండేవాళ్లు అనుమతి లేకుండా నేరుగా విదేశంలో వేయకూడదని సెక్షన్ 39 చెబుతోంది. ముందు ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగాలి, లేదా అనుమతి తీసుకోవాలి. ఉల్లంఘిస్తే జైలు శిక్ష దాకా ఉంది. అమెరికాలో ఉన్న బంధువుతో కలిసి పనిచేసే మనవాళ్లు ఇది మర్చిపోతుంటారు. రక్షణకు సంబంధించినదైతే దరఖాస్తును ప్రచురించకుండా ప్రభుత్వం ఆపే అధికారం కూడా చట్టంలో ఉంది. 1935లో జర్మనీ లెన్సుల కంపెనీ జైస్‌లో అలెగ్జాండర్ స్మకులా లెన్సుల మీద మెరుపు తగ్గించే పూత కనిపెడితే జర్మన్ సైన్యం దాన్ని ఇలాగే దాచింది.

దరఖాస్తు వేసిన 18 నెలలకు అది పేటెంట్ ఆఫీసు పత్రికలో దానంతటదే ప్రచురితమవుతుంది. కాలేజీల గేటు ముందు "మా అధ్యాపకుల పేటెంట్ పబ్లిష్ అయింది" అని వేలాడే ఫ్లెక్సీలకు ఉన్న అర్థం అంతే, ఎవరూ ఇంకా పరీక్షించలేదన్నమాట. పరీక్ష కోసం విడిగా అభ్యర్థన పెట్టాలి, 2024 మార్చి నుంచి దానికి గడువు 31 నెలలు.

ఇక ఎవరికి ఏది

పీహెచ్‌డీ, ఎం.టెక్. విద్యార్థులు: థీసిస్ శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలోకి ఎక్కినా, సదస్సులో పోస్టర్ పెట్టినా బహిరంగమైనట్టే. చట్టంలో 12 నెలల మినహాయింపు ఉంది కానీ అది ఇరుకైనది, దాని మీద ఆధారపడకండి. డబ్బు వచ్చే కిటుకు అనిపిస్తే పేపర్ పంపేముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి. సిద్ధాంతమో కొలత పద్ధతో అయితే హాయిగా ప్రచురించండి.

కీలు, కవాటం, లెన్సు అమరిక, డ్రోన్ రెక్క లాంటి కంటికి కనిపించే యంత్రభాగం చేసిన వర్క్‌షాపు యజమాని: పేటెంట్, అదీ మంచి ఏజెంట్‌తో. రెండేళ్లలో మోడల్ మారిపోయే సరుకైతే ఆ డబ్బుతో ముందు అమ్మడం మీద దృష్టి పెట్టడమే నయం. పేటెంట్ చేతికొచ్చేసరికి అది పాతబడిపోతుంది.

పూత, సిరా, వేడి, మిశ్రమం మీద పనిచేసేవాళ్లు: గుట్టు. తాళం వేసిన గది, ఒక్కొక్కరికి ఒక్కో దశ మాత్రమే తెలిసే ఏర్పాటు, రాతపూర్వక ఒప్పందాలు. తయారైన వస్తువులోనే కూర్పు బయటపడేదైతే కార్నింగ్ చేసినట్టు కూర్పుకు పేటెంట్ తీసుకోండి, కొలిమి సంగతి మాత్రం దాచుకోండి.

పెట్టుబడి కోసం తిరుగుతున్న స్టార్టప్: ఇన్వెస్టర్లు పేటెంట్ అడుగుతారు, కాబట్టి ఒకటి రెండు ముఖ్యమైనవి వేయక తప్పదు. పదిహేను వేసి పది వదిలేసేకన్నా రెండింటి క్లెయిములు బలంగా రాయించుకోండి. డెమో చూపించే ముందు రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టరు చాలామంది ఇన్వెస్టర్లు, అందుకే దరఖాస్తు తేదీ మీటింగ్ తేదీకి ముందుండాలి.

ఎటూ తేల్చుకోలేకపోతే ప్రొవిజనల్ వేయడమే తక్కువ నష్టం. 1,600 రూపాయలతో ఒక ఏడాది ఆలోచించుకునే సమయం దొరుకుతుంది. ఆ లోపు కావాలంటే పూర్తి స్పెసిఫికేషన్ వేయవచ్చు. వద్దనుకుంటే వదిలేస్తే అది ప్రచురణ దాకా పోదు, గుట్టు గుట్టుగానే ఉంటుంది. అందులో రాసినదానికే ఆ తేదీ వర్తిస్తుంది కాబట్టి రెండు పేజీల్లో తేల్చేయకుండా బొమ్మలతో, కొలతలతో వివరంగా రాయండి. పదకొండో నెలలో గుర్తుచేసేలా ఫోనులో పెట్టుకోండి, ఎందుకంటే పన్నెండు నెలలు దాటితే ఆ దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క.